మూడిళ్ళలో ఒక గొంతు

లిఫ్టులు బాగుచేసే పని కాబట్టి అతన్ని అందరూ లిఫ్టన్న అనేవారు. ఇంటావిడ కూడా నలుగురిలో ఆ పేరే వాడేది. ఒళ్ళు మండినప్పుడు మాత్రం "తుక్కుదొరా" అని పిలిచేది. ఆవిడకి ఒళ్ళు మండటంలో అన్యాయమేమీ లేదు లెండి. ఉన్న మూడు గదుల్లో ఒకటి పూర్తిగా పాత కంప్యూటర్లకే పోయింది. ఆఫీసులు వద్దని గుమ్మం బయట పడేసినవి, ఎవరో చెత్తబండిలో వేయబోతుంటే చేతులడ్డం పెట్టి తెచ్చుకున్నవి, అన్నీ గోడల వెంట పేర్చి ఉండేవి. పగలంతా లిఫ్టు గుంటల్లో ఒళ్ళంతా గ్రీజు పూసుకుని వచ్చిన మనిషి, కాస్త నడుం వాల్చకుండా ఆ గదిలో దూరి, ఒక్కోదాన్నీ విప్పి, దుమ్ము ఊది, మెత్తటి బ్రష్షుతో తుడిచేవాడు.

"నేనూ పాతబడి చాలా కాలమైంది. నన్నూ ఓసారి విప్పి తుడవరాదూ?" అనేది ఇంటావిడ గుమ్మంలో నిలబడి.

"నువ్వు బాగానే నడుస్తున్నావుగా. మొరాయిస్తే చూద్దాం," అనేవాడు తల ఎత్తకుండా.

ఈ పిచ్చి అతనొక్కడిదే అయితే ఇంట్లోనే అణిగిపోయేది. అలాంటివాళ్ళు ఊళ్ళో ఇంకొందరున్నారు. సైకిళ్ళ కొట్టు మీద ఒక అద్దెగది తీసుకుని, సెలవురోజు మధ్యాహ్నం అందులో చేరేవారు. కోర్టులో పనిచేసి రిటైరైన గుమాస్తాగారు, ఫోన్లు అమ్మే కొట్టాయన, మరో నలుగురైదుగురు. ఫోన్ల కొట్టాయన జేబులో ఎప్పుడూ వైర్ల చుట్టలు వేలాడుతుండేవి కాబట్టి అతని పేరు వైర్లు. వీళ్ళందరి సరదా ఒకటే. పాత మెషిన్లు నడిపించడం, వాటిలో ఒకప్పుడు నడిచిన ప్రోగ్రాములు మళ్ళీ నడిపించడం. బొమ్మలు గీసేవి, ఉత్తరాలు కొట్టేవి, ఆటలు, పాటలు. అవన్నీ ఎవరో కంపెనీల సొత్తు. అందులో సగం కంపెనీలు మూతపడ్డాయి, మిగతా సగాన్ని ఇంకెవరో కొనేసి బీరువాలో పడేసి మర్చిపోయారు.

మరి ఇది న్యాయమా అంటే, ఆ గదిలో ఈ వాదన టీతో పాటే మొదలయ్యేది.

"కంపెనీయే చచ్చిపోయిందండీ. మనం నడుపుకుంటే ఎవరి కడుపు కొట్టినట్టు?" అనేవాడు వైర్లు.

"కంపెనీ చచ్చినా హక్కు చావదోయ్. చట్టం ప్రకారం మనం చేసేది తప్పే. అడిగేవాడు లేడు గనక ఇలా కాళ్ళు బారజాపుకుని కూచున్నాం," అనేవారు గుమాస్తాగారు. అలా అంటూనే తన మెషిన్లో ఆట మొదలెట్టేవారు. మహానుభావుడు!

లిఫ్టన్నది మాత్రం వేరే పద్ధతి. ప్రోగ్రాం చేతికి రాగానే దాని సొంతదారు ఎవరో ఆరా తీసేవాడు. ఫోన్లు చేసేవాడు. ఎవరూ దొరక్కపోతే నడిపేవాడు. దొరికి సరేనంటే ఎగిరి గంతేసేవాడు. దొరికి వద్దంటే, ఎంత మనసు పడ్డదైనా సరే, పక్కన పెట్టేసేవాడు. అందుకని ఆ గదిలో అతని మాటంటే గురి. అతనికీ ఆ విషయంలో కాస్త మిడిసిపాటు ఉండేది.

ఆ గుంపుకి ఇంకో కట్టుబాటు ఉంది, దాన్ని పెట్టించింది కూడా లిఫ్టన్నే. ఒకసారి ఒక సభ్యుడి ఇంట్లోకి మురుగునీళ్ళు వచ్చి, మరెక్కడా దొరకని ఒక బొమ్మల ప్రోగ్రాం డిస్కులతో సహా నానిపోయింది. ఆ పెద్దమనిషి గదిలో కూచుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ రోజే నిర్ణయించుకున్నారు, ఎవరు ఏది బతికించినా దాని కాపీలు మరో ఇద్దరి ఇళ్ళలో ఉండాలని. "ఒక్కడి దగ్గరే ఉంటే అది దాచడం కాదు, పాతిపెట్టడం," అన్నాడు లిఫ్టన్న ఆ రోజు. అందరూ తలలూపారు. దానికి మూడిళ్ళ కట్టుబాటు అని పేరు పడింది.

ఇక అక్క సంగతి. లిఫ్టన్నకి ఉన్నది ఒక్కగానొక్క అక్క. తల్లి జబ్బుతో మంచం పట్టినప్పటి నుంచి అతన్ని ఎత్తుకుని పెంచింది ఆవిడే. బజారు వీధిలో చిన్న కొట్టు పెట్టుకుని బట్టలు సరిచేసేది. ప్యాంట్లు పొట్టివి చేయడం, జాకెట్లు వదులు చేయడం, జిప్పులు వేయడం. మంచి వయసులో ఉండగానే గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు గాని గొంతు పోయింది. అప్పుడు అక్క కూతురు, అతని మేనకోడలు, ఇంకా బడికి వెళ్తోంది. ఆ పిల్లని పేరు పెట్టి పిలవలేక అక్క గోడ మీద అరచేత్తో కొట్టి పిలుస్తుంటే లిఫ్టన్న చూడలేకపోయాడు. ఎక్కడెక్కడో తిరిగి, మాటలు టైపు చేస్తే పైకి చదివే ప్రోగ్రాం ఒకటి పట్టుకొచ్చాడు. దొంగది కాదు, కొన్నదే. షరతు ప్రకారం ఒక్క మెషిను మీదే నడుస్తుంది. మెషిను వెనక అగ్గిపెట్టెంత తాళంబిళ్ళ ఒకటి తగిలించాలి. అది లేకపోతే నోరు విప్పదు.

ఆ గొంతు ఒక నడివయసు ఆడమనిషిది. నిదానంగా, కాస్త బొంగురుగా, ఒక్కో మాటా అరిటాకులో వడ్డించినట్టు పలికేది. మొదట్లో అందరూ నవ్వుకున్నారు. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత అదే అక్క గొంతైపోయింది. మేనకోడల్ని చదువుకోమని కసిరింది ఆ గొంతే, అల్లుడికి మర్యాదలు చేసింది ఆ గొంతే. ఆ గొంతుకి కోపం రాదు కదా, అందుకని కోపమొస్తే అక్క స్పీకరు గుండీ గిర్రున తిప్పి చప్పుడు పెంచేది. బజారు వీధి చివరిదాకా వినపడేది. "ఇవాళ మీ అక్క మాంచి ఊపు మీదుంది," అని ఎదుటి చెప్పుల కొట్టాయన నవ్వేవాడు. అక్క అసలు గొంతు ఎలా ఉండేదో లిఫ్టన్నకి ఇప్పుడు గుర్తే లేదు. గుర్తు చేసుకోవాలని కూచుంటే ఈ గొంతే వినిపించేది. ఆ సంగతి తలుచుకుంటే అతనికి ఏడుపొచ్చేది.

చాలా ఏళ్ళు నడిచాక మెషిను మూలగడం మొదలెట్టింది. లిఫ్టన్న ఆ మెషిన్ని కంటికి రెప్పలా చూసుకునేవాడు. ఫ్యాను మార్చాడు, డిస్కు మార్చాడు. కాని తాళంబిళ్ళ లోపల తీగలు తుప్పుపట్టాయి. ఒకరోజు అక్క ఎవరితోనో మాట్లాడుతుండగా సగం మాటలో గొంతు ఆగిపోయింది. బిళ్ళని కదిపితే వచ్చేది, వదిలితే పోయేది. కొత్త కంప్యూటర్లకి ఆ బిళ్ళ తగిలించే చోటే లేదు.

లిఫ్టన్న తన అలవాటు ప్రకారం ముందు ఆరా తీశాడు. ఆ కంపెనీని ఇంకో కంపెనీ కొనుక్కుంది. ఫోన్ చేస్తే ఒకమ్మాయి ఎత్తింది.

"మీ అక్కగారి పేరు మా దగ్గర ఉందండీ, అసలు కాపీనే. కాని కొత్త మెషిన్ మీదికి మార్చివ్వడం కుదరదు సార్," అంది.

"ఎందుకు కుదరదమ్మా? కావాలంటే మళ్ళీ కొంటాం."

ఆ అమ్మాయి తటపటాయించింది. "ఆ గొంతు ఇచ్చినావిడ వద్దన్నారు సార్. అప్పట్లో ఎవరో తాళం విప్పేసిన కాపీతో ఆవిడ గొంతుతో పిచ్చిపిచ్చి ఫోన్లు చేశారట, బూతులు. ఆవిడ చుట్టాలకి కూడా వెళ్ళాయట. నలుగురిలో తలెత్తుకోలేకపోయారు. ఇంక కొత్తగా ఒక్క మెషిన్ మీద కూడా నా గొంతు పెట్టొద్దని ఏడ్చారు. మేం మాటిచ్చాం. పాతవి మాత్రం ఆ మెషిన్ నడిచినన్నాళ్ళు నడుపుకోవచ్చు."

"మా అక్కకి గొంతు లేదమ్మా," అన్నాడు లిఫ్టన్న.

ఆ అమ్మాయి ఉండండి అని వెళ్ళి పైవాళ్ళని అడిగి వచ్చింది. "సారీ సార్," అంది. నిజంగానే బాధపడింది పాపం.

ఆ సాయంత్రం అతను కొట్టుకి వెళ్తే అక్క తాళంబిళ్ళని వేలితో అదిమిపట్టి, రెండో చేత్తో ఒక్కో అక్షరం కొట్టింది. "అడిగావా?"

"అడిగాను."

"ఒప్పుకున్నారా?"

లిఫ్టన్న స్పీకరు వైపు చూశాడు, కుట్టుమిషను కింద పడి ఉన్న దారం ముక్కల వైపు చూశాడు. "ఆ, ఒప్పుకున్నారు," అన్నాడు.

తాళం విప్పడం అంత తేలిగ్గా అవలేదు. ఎన్నో సెలవురోజులు మింగింది. ఇంటావిడ తిట్లు చెవిలో జోరీగలా మోగుతూనే ఉన్నాయి. చివరికి ఆ ప్రోగ్రాం బిళ్ళ లేకుండా కొత్త కంప్యూటర్లో నోరు విప్పింది. "తమ్ముడూ" అంది, ఎప్పటిలాగే చివర్న కాస్త సాగదీసి. లిఫ్టన్న ఆ గదిలో దుమ్ములో కూలబడి నవ్వాడు. అక్క అయితే స్పీకరు గుండీ గిర్రున తిప్పి వీధంతా వినేట్టు "మా తమ్ముడు బంగారం" అంది. చెప్పుల కొట్టాయన చప్పట్లు కొట్టాడు.

అక్కడితో ఆగి ఉంటే ఎవరికీ తెలిసేది కాదేమో. కాని మనవాడికి కట్టుబాటు ఉందిగా! తన ఇంట్లో నీళ్ళొస్తే? కొట్టు అంటుకుంటే? అక్క గొంతు మళ్ళీ పోతే? పైగా అలాంటి తాళం ఇంతకుముందు ఆ గుంపులో ఎవడూ విప్పలేదు. ఇందులో అక్క మీద అభిమానం ఎంతో, నలుగురిలో గొప్ప ఎంతో విడదీసి చెప్పడం కష్టం. సెలవురోజు గదికి వెళ్ళి గుమాస్తాగారికి ఒకటి, వైర్లుకి ఒకటి ఇచ్చాడు.

గుమాస్తాగారు కాపీని అటూ ఇటూ తిప్పి చూశారు. "సొంతదారు దొరికాడటోయ్?"

"దొరికారండీ. అడిగాను."

"నువ్వు అడిగావంటే ఇంక చూసుకోనక్కర్లేదు," అన్నారాయన, జేబులో వేసుకుంటూ. ఆయన నమ్మకమే లిఫ్టన్నని లోపల్లోపల కెలికింది. అయినా నోరు విప్పలేదు.

కొంతకాలం గడిచింది. ఒక మధ్యాహ్నం లిఫ్టన్న అక్క కొట్టులో కుట్టుమిషను బెల్టు బిగిస్తున్నాడు. ఎవరో కాలేజీ పిల్ల ప్యాంటు తెచ్చింది. అక్క టైపు చేసింది: "రేపు సాయంత్రం రామ్మా."

ఆ పిల్ల కిసుక్కున నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గాని నవ్వు ఆగలేదు. "సారీ ఆంటీ! ఆ వీడియోల్లో గొంతు మీదేనా?"

అక్కకి అర్థం కాలేదు. ఆ పిల్ల ఫోన్ తీసి చూపించింది. తెరమీద ఏదో బొమ్మ మనిషి చీపురు పట్టుకుని గెంతుతోంది. గొంతు మాత్రం అక్కది. అదే నిదానం, అదే బొంగురు. అరిటాకులో వడ్డించినట్టు, ఒక్కో బూతూ విడివిడిగా స్పష్టంగా పలికింది. మొగుణ్ణి, అత్తని, పక్కింటివాళ్ళని. కింద జనం పగలబడి నవ్వుతున్న గుర్తులు. "అందరి ఫోన్లలో ఇదే ఆంటీ. సూపర్ హిట్," అంది ఆ పిల్ల. పాపం, మెచ్చుకుంటున్నాననే అనుకుంది.

ఆ రోజు నుంచి అక్క నోరు విప్పితే చాలు, వచ్చినవాళ్ళు ముసిముసి నవ్వులు. జిప్పు ఎంతవుతుందని చెప్పినా నవ్వే, బటన్ ఊడిపోయిందన్నా నవ్వే. చెప్పుల కొట్టాయన ఒక్కడు నవ్వలేదు. అక్క మాటలు తగ్గించేసింది. లిఫ్టన్న వైర్లు దగ్గరికి పరిగెత్తాడు.

"మా బావమరిది అడిగితే ఇచ్చానన్నా. వాడి ఫ్రెండు సరదా వీడియోలు చేస్తుంటాడు," అన్నాడు వైర్లు తల గోక్కుంటూ. "తప్పేముంది? సొంతదారు ఒప్పుకున్నాడన్నావు. ఒక్కడి దగ్గరుంటే పాతిపెట్టడమని నువ్వేగా అన్నావు!"

లిఫ్టన్న తిట్టకుండానే వెనక్కి తిరిగాడు.

అక్కకి అన్నీ చెప్పేయాలని ఆ మర్నాడే కొట్టుకి వెళ్ళాడు. వెళ్ళి, చెప్పలేక, బాగానే ఉన్న మిషను బెల్టు మళ్ళీ విప్పి కూచున్నాడు. అప్పుడు ఫోన్ మోగింది. అక్క ఎప్పుడూ ఫోన్ని స్పీకరులో పెట్టి టేబుల్ మీద ఉంచి, పక్కనే కంప్యూటర్లో టైపు చేసేది. ఆ రోజూ అలాగే పెట్టింది.

"మేడమ్, మేం ఆ మాట్లాడే ప్రోగ్రాం కంపెనీ నుంచి చేస్తున్నాం," అంది అవతలి గొంతు. లిఫ్టన్న ఆ అమ్మాయిని వెంటనే గుర్తుపట్టాడు. "మా పాత కస్టమర్లందరికీ చేసి అడుగుతున్నాం. ఎవరో ఆ గొంతుని బయటికి వదిలారు. మీ దగ్గర్నుంచి ఎవరైనా తీసుకున్నారా? మీ తమ్ముడుగారికి ఆ రోజే చెప్పాం కదా."

అక్క తమ్ముడి వైపు చూసింది. తర్వాత టైపు చేసింది. "ఆ రోజు ఏం చెప్పారమ్మా?"

ఆ గొంతు వినగానే అవతల ఆ అమ్మాయి ఉలిక్కిపడి ఉంటుంది. తర్వాత మెల్లగా, ఒక్కటీ వదలకుండా చెప్పింది. గొంతు ఇచ్చినావిడ ఎందుకు వద్దందో, వాళ్ళేం మాటిచ్చారో, కొత్త మెషిన్ మీదికి మార్చడం కుదరదని ఎలా చెప్పారో. "ఆవిడ నిన్న మా ఆఫీసుకి వచ్చారండీ. ఆవిడ మనవరాలి బళ్ళో పిల్లలు ఆ వీడియోలు పెట్టి ఏడిపిస్తున్నారట," అంది చివర్న.

అక్క మళ్ళీ టైపు చేసింది. "ఆవిడతో చెప్పమ్మా. నేను ఇవాళ్టితో ఆపేస్తాను."

"అయ్యో, మీరు ఆపక్కర్లేదు మేడమ్. మీ పాత మెషిన్ మీద..."

"ఆ మెషిను ఇప్పుడు నడవదమ్మా," అని కొట్టి, ఫోన్ పెట్టేసింది.

అక్క స్పీకరు గుండీ మీద చెయ్యి వేసింది. పెంచుతుందనుకున్నాడు లిఫ్టన్న. కాని ఇద్దరికే వినపడేంత తగ్గించింది.

"ఒప్పుకున్నారని చెప్పావు."

"నీ గొంతు పోతుందని భయమేసిందక్కా. నీకు మాట లేకుండా చూడలేను. అందుకే..."

"నా గొంతు ఎప్పుడో పోయింది. ఇది ఆవిడది."

"తప్పయిపోయిందక్కా. కాని నీ ఒక్కదానికే అయితే ఎవరికి నష్టం? నేను బయటికివ్వడం తప్పు, ఒప్పుకుంటాను. నీకివ్వడం తప్పెలా అవుతుంది?"

అక్క దానికి జవాబు చెప్పలేదు. చెప్పగలిగేవాళ్ళు ఎవరైనా ఉన్నారో లేదో నాకైతే తెలీదు. ఆవిడ ఇంకోటి టైపు చేసింది. "కంపెనీని అడిగావు, ఆవిడ వద్దందన్నారు. నన్ను అడిగావా? ఆవిడ ఏడుస్తోందని తెలిస్తే నేను వాడేదాన్నా, మానేదాన్నా, అది నేను తేల్చుకోవాల్సింది. నా నోట్లో వేరేవాళ్ళ ఏడుపు పెట్టి ఇన్నాళ్ళు నవ్వించావురా."

అంతే. ఆవిడే వంగి తీగ లాగేసింది. తెర నల్లబడింది. కొట్టులో ఎదుటి చెప్పుల కొట్టాయన సుత్తి చప్పుడు తప్ప ఏమీ లేదు.

లిఫ్టన్న ఆ సాయంత్రమే గుమాస్తాగారి ఇంటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన కాపీ తీసి అతని కళ్ళముందే చెరిపేశారు. "మీ అక్క కోసం తాళం విప్పావంటే నేను నిన్ను తప్పుపట్టలేనోయ్. కోర్టు పట్టేదేమో, నేను పట్టలేను. కాని నాతో అడిగానని ఎందుకన్నావు? నీ మాట విని నేను కళ్ళు మూసుకున్నాను," అన్నారు. ఆయన గట్టిగా కూడా అనలేదు. లిఫ్టన్నకి తల కొట్టేసినట్టయింది. వైర్లు తన దగ్గరిది చెరిపాడు, బావమరిది చేత చెరిపించాడు. ఆ ఫ్రెండు మాత్రం నవ్వాడట. "ఇప్పుడు చెరిపితే ఏం లాభం? అడిగినవాళ్ళందరికీ పంపేశాను," అన్నాడట.

అక్క తమ్ముడితో మాట్లాడలేదు. కొట్టుకి వచ్చినవాళ్ళకి కాగితం మీద రాసి చూపించేది. తమ్ముడొస్తే తల దించుకుని కుట్టుకునేది. మేనకోడలు మధ్యలో పడి సర్దిచెప్పబోతే పెన్సిలు పక్కన పెట్టేసేది. లిఫ్టన్న సైకిళ్ళ కొట్టు మీది గదికి వెళ్ళడం మానేశాడు. ఇంట్లో మూడో గది తలుపు తీయలేదు. ఇంటావిడకే బెంగ పట్టుకుని, "పోనీ ఏదో ఒకటి విప్పి తుడుచుకోరాదూ," అనడం మొదలెట్టింది. పనిలో కూడా పరధ్యానమే. పైఅంతస్తు బటన్ నొక్కితే లిఫ్టు కిందికి దిగేలా తీగలు కలిపి ఒకావిడ చేత చీవాట్లు తిన్నాడు.

ఒకరోజు ఏదో ఆఫీసు మెట్ల మీద పనిముట్ల సంచి పక్కన పెట్టుకుని కూచుని ఉండగా ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఎత్తితే చిన్నవయసు ఆడగొంతు, పలకరిస్తూ నవ్వుతున్నట్టుంది. "నమస్కారం! ఎలా ఉన్నావు?"

"మాకేం వద్దండీ," అని పెట్టేశాడు. రోజూ వచ్చే అమ్మకాల ఫోన్ల బెడద అనుకున్నాడు.

మళ్ళీ మోగింది. విసుక్కుంటూ ఎత్తాడు.

"పెట్టేయకు. నేను అక్కని," అంది ఆ నవ్వుగొంతు.

ఎవరో పాతికేళ్ళ పిల్ల అక్కనంటోంది. గుండె మాత్రం ఇది అక్క కాదంటోంది. చెవికి ఫోన్ గట్టిగా అదుముకున్నాడు.

"కొత్త ఫోన్ కొన్నాను. ఇందులో వచ్చే గొంతు ఇది. కంపెనీని అడిగాను. గొంతిచ్చినమ్మాయి ఒప్పుకునే ఇచ్చిందట, డబ్బు కూడా తీసుకుంటోందట," అంది ఆ గొంతు హుషారుగా. కాస్త ఆగి, "నువ్వు బయటికిచ్చినవన్నీ చెరిపించావా?" అంది.

ఇంకోసారి 'ఆ' అని అనేస్తే అయిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"లేదక్కా," అన్నాడు. "గుమాస్తాగారిది పోయింది, వైర్లుది పోయింది. మిగతావి ఎంతమంది దగ్గరున్నాయో నాకు తెలీదు. ఇంక వాటిని ఎవడూ వెనక్కి తేలేడు." చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు. మెట్లెక్కేవాళ్ళు చూసుకుంటూ పోయారు.

అవతల అక్షరాలు కొడుతున్న చిన్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

"అయితే ఆ మాట వెళ్ళి ఆ పాత గొంతు ఆవిడతో చెప్పు. కంపెనీవాళ్ళు కాదు, నువ్వే చెప్పు."

"ఏమని చెప్పనక్కా? ఆవిడ నన్ను గుమ్మంలోకి రానిస్తుందా?"

"రానివ్వకపోతే బయటే నిలబడు. తిడితే పడు," అంది ఆ పిల్లగొంతు, నవ్వుతున్నట్టే. "తిట్టడానికి ఆవిడకి గొంతుంది కదా."

తర్వాత ఫోన్ పెట్టేసింది.